జిల్లా పార్టీ రెండు ముక్కలైనప్పుడు ముందు తెరవాల్సింది సభ్యత్వ పుస్తకం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరై, తగినన్ని ఓట్లు, సీట్లు లేక ఇంకా గుర్తింపు (సొంత గుర్తు) రాని చిన్న పార్టీకి మీరు జిల్లా కన్వీనర్. పదకొండు మండలాల్లో ఆరు కమిటీలు మీతో ఉన్నాయి, మూడు ఎదురు తిరిగాయి, రెండు పేరుకే ఉన్నాయి. ఏడాది కిందట వేరే పార్టీ నుంచి వచ్చిన ఒకాయన్ని రాష్ట్ర అధ్యక్షుడు మీతో ఒక్క మాట కూడా చెప్పకుండా జిల్లా ఇన్‌చార్జిగా వేశారు. ఆయన వచ్చీ రాగానే పోటీ కమిటీలు ప్రకటించారు. ఇప్పుడు రెండు వాట్సాప్ గ్రూపులు, రెండు ప్రెస్ మీట్లు. స్థానిక ఎన్నికలు దగ్గరికొచ్చాయి. "ఎదురు తిరిగిన ముగ్గురు మండల కన్వీనర్లను సస్పెండ్ చెయ్యమంటారా, లేక నన్నే రాజీనామా చేసి పక్కకు తప్పుకోమంటారా" అని అడిగారు.

రెండూ వద్దు. కనీసం ఇప్పుడు వద్దు.

నేను ఇలాంటి చిన్న పార్టీలోనే ఇరవై మూడేళ్లు పనిచేశాను. మండల కార్యదర్శిగా మొదలుపెట్టి, తొమ్మిదేళ్లు జిల్లా కార్యదర్శిగా ఉండి, తర్వాత నాలుగేళ్లు రాష్ట్ర క్రమశిక్షణ సంఘంలో కూర్చున్నాను. ఆ నాలుగేళ్లలో మా ముందుకు వచ్చిన ప్రతి గొడవలోనూ ఇరుపక్షాల వాళ్లూ తమ త్యాగాల గురించి, అవతలివాళ్ల ద్రోహాల గురించి గంటలకొద్దీ చెప్పేవాళ్లు. "మీ మండలంలో పార్టీ సభ్యులు ఎంతమంది, పేర్లు చదవండి" అంటే మాత్రం గది నిశ్శబ్దమైపోయేది. మీ ఉత్తరంలోనూ అదే వెతికాను. కమిటీల లెక్క రాశారు, ప్రెస్ మీట్ల తేదీలు రాశారు, సభ్యుల సంఖ్య ఎక్కడా రాయలేదు. మీ జిల్లాలో గొడవ తెగకపోవడానికి అసలు కారణం అక్కడే ఉందని నా నమ్మకం. తీర్పు చెప్పే హక్కు ఎవరికుందో తేలకుండా ఎవరిది తప్పో తేలదు.

ఒకసారి నన్ను ఒక మండలానికి పరిశీలకుడిగా పంపారు. రెండు వర్గాల వాళ్లూ ఒక కార్యకర్త ఇంటి మేడమీద గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకాయన "మా వెనకాల నాలుగు వందల మంది ఉన్నారు" అన్నాడు. రెండో ఆయన "మాకు ఏడు వందలు" అన్నాడు. సభ్యత్వ పుస్తకం తెమ్మన్నాను. గంటన్నర తర్వాత ఒక నల్ల అట్ట నోటుబుక్కు వచ్చింది. మొదటి పేజీల్లో నీలం సిరాతో పొందికగా రాసిన పేర్లు, తండ్రి పేరు, ఊరు, రశీదు నంబరు. నలభై రెండో పేరు దగ్గర చేతిరాత మారింది. అక్కణ్నుంచి చివరిదాకా ఒకే పెన్ను, ఒకే రాత, సంతకాలన్నీ ఒకే వాలు. రశీదు నంబర్ల గడి ఖాళీ. పేజీలు తిప్పుతుంటే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మిగిలిన నలభై ఒక్క పేర్లు ఒక్కొక్కటే చదివాం. ముగ్గురు చనిపోయారు, ఐదుగురు ఊరొదిలి వెళ్లిపోయారు. అంటే ముప్పై మూడు మంది ఉన్న పార్టీలో వందలమంది తరఫున మాట్లాడుతున్నట్టు ఏడాదిన్నర కొట్టుకున్నారు. పది రోజుల తర్వాత ఆ ముప్పై మూడు మందికీ కబురు పెడితే ఇరవై ఆరు మంది వచ్చారు. రెండు గంటల్లో చీటీలు వేసి కన్వీనర్ని ఎన్నుకున్నారు. ఓడిపోయినాయన చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడి, అందరూ లేస్తుండగా వచ్చి మినిట్స్ బుక్కులో సంతకం పెట్టాడు. "ఈ పని మొదట్లోనే చేసుంటే మేం ఒకరి ఇంటికి ఒకరం పోకుండా ఉండే పరిస్థితి వచ్చేది కాదు కదా సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీరు ఉత్తరం చివర్లో "ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేస్తే తేలుతుందా" అని కూడా అడిగారు. తేలదు. పెద్ద పార్టీలు చీలినప్పుడు గుర్తు ఎవరిదో ఎన్నికల సంఘం తేల్చడం మనం టీవీలో చూస్తాం కాబట్టి మనకూ అలాగే జరుగుతుందనుకుంటాం. ఆ అధికారం 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులోని 15వ పేరా నుంచి వస్తుంది. అందులో రాసింది గుర్తింపు పొందిన పార్టీల్లోని వర్గాల గురించి మాత్రమే. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు కాడెడ్ల గుర్తు మీద వచ్చిన వివాదంలో ఎన్నికల సంఘం మెజారిటీ ఎవరి వైపు ఉందో చూసింది. 1971లో సుప్రీంకోర్టు సాదిక్ అలీ కేసులో ఆ పద్ధతిని సమర్థించింది. అక్కడ కూడా చివరికి లెక్కపెట్టింది తలల్నే. కానీ రిజిస్టరై గుర్తింపు లేని పార్టీల్లో గొడవ వస్తే, మీలో మీరు తేల్చుకోండి, లేదంటే సివిల్ కోర్టుకు వెళ్లండి అనడమే సంఘానికి అలవాటు. సివిల్ కోర్టులో ఎన్నేళ్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈలోపు రెండు ఎన్నికలు దాటిపోతాయి.

కోర్టుకు వెళ్లినా వాళ్లు చూసేది మీ పార్టీ నియమావళినే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద రిజిస్టరయ్యేటప్పుడు ప్రతి పార్టీ నియమావళి సమర్పిస్తుంది. కమిటీలకు ఎన్నికలు ఎన్నాళ్లకోసారి, క్రమశిక్షణ చర్య ఎవరు తీసుకోవాలి, అప్పీలు ఎవరికి అన్నవి అందులో ఉంటాయి. పార్టీ పేరు, చిరునామా, ఆఫీసు బేరర్లు మారితే ఆలస్యం చేయకుండా ఎన్నికల సంఘానికి తెలియజేయాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మా పార్టీలో ఎనభై శాతం మంది నాయకులు ఆ నియమావళిని ఒక్కసారి కూడా చదవలేదు. మీరు ఈ రాత్రి చదవండి. ముఖ్యంగా మూడు చూడండి: జిల్లా ఇన్‌చార్జి అనే పదవి అసలు అందులో ఉందా, ఉంటే దానికి మండల కమిటీలు వేసే అధికారం ఉందా, మండల కన్వీనర్ని తొలగించే అధికారం మీకు ఉందా, రాష్ట్ర కమిటీకి ఉందా. చాలా చిన్న పార్టీల నియమావళుల్లో ఇన్‌చార్జి అనే మాటే ఉండదు. అది పెద్ద పార్టీలను చూసి తెచ్చుకున్న పదవి. అలా అయితే ఆయన వేసిన పోటీ కమిటీలకు కాగితం మీద విలువ లేదు. అయితే తొందరపడి ఆ సంగతి ప్రెస్‌లో చెప్పకండి. అది మీ చేతిలో ఉండాల్సిన మాట, నోట్లోంచి అప్పుడే రావాల్సిన మాట కాదు.

ఇక సభ్యత్వ పరిశీలన. దీన్ని మీరొక్కరే చేస్తే "కన్వీనర్ తన మనుషుల్ని ఎక్కించుకున్నాడు" అంటారు, వాళ్లొక్కరే చేస్తే మీవాళ్లు అదే అంటారు. కాబట్టి ముగ్గురితో ఒక బృందం వెయ్యండి: మీ వైపు ఒకరు, అవతలి వైపు ఒకరు, మూడో మనిషి పక్క జిల్లా నుంచి, ఇద్దరికీ ఇష్టమైన పాత కార్యకర్త. ఆ ఒక్క పేరు మీరే ఖాయం చెయ్యొద్దు. మీరు ముగ్గురి పేర్లు ఇచ్చి, అందులో ఒకర్ని ఎంచుకోమని వాళ్లకే వదిలేయండి. ఈ చిన్న పని వల్ల సగం అనుమానం పోతుంది, ఇది నేను చాలాచోట్ల చూశాను.

తర్వాత ఒక తేదీ గీత గియ్యాలి. గొడవ మొదలైన రోజుకంటే ముందు తేదీ అయి ఉండాలి. ఆ రోజుకు రశీదు తెగి, రుసుము కట్టి, పుస్తకంలో పేరున్నవాళ్లే ఈసారి ఓటర్లు. ఆ తర్వాత చేరినవాళ్లు సభ్యులే, వాళ్లను ఎవరూ కాదనడంలేదు, కానీ ఈ ఒక్క ఎన్నికలో ఓటు ఉండదు. ఇది ఒప్పించడం కష్టం. కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి తనతో మూడు వందల మందిని తెచ్చానంటాడు, వాళ్లకు ఓటు లేకపోతే ఎలా అంటాడు. అతని వాదనలో న్యాయం లేదని నేను అనను. మన చిన్న పార్టీల్లో పాతవాళ్లు కొత్తవాళ్లను గడప దగ్గరే నిలబెట్టే జబ్బు ఉంది. అందుకే గీత గీసేటప్పుడే ఇంకో హామీ కూడా రాతలో ఇవ్వండి: ఆరు నెలల తర్వాత మండల కమిటీల్లో ఖాళీగా ఉన్న స్థానాలకు మళ్లీ ఎన్నిక, అందులో వీళ్లందరికీ ఓటు. కొత్తవాళ్లకు కావాల్సింది చాలాసార్లు పదవి కాదు, "మీరు మావాళ్లే" అన్న మాట. అది కాగితం మీద కనిపిస్తే వాళ్లలో సగం మంది ఇన్‌చార్జి కోసం కాక పార్టీ కోసం ఉంటారు.

బృందం ఇంటింటికీ వెళ్లాలి. ఫోన్‌లో కాదు. మనిషిని చూసి, "ఈ సంతకం మీదేనా, ఈ డబ్బు మీరే కట్టారా" అని అడిగి, పుస్తకంలో పేరు పక్కన రెండు వర్గాల ప్రతినిధులు ఇద్దరూ సంతకం పెట్టాలి. పదకొండు మండలాలకు ఇరవై రోజులు పట్టొచ్చు. తిరిగిన రోజుల్లో ఆ ఇద్దరు ప్రత్యర్థులూ ఒకే బండి మీద పోతారు, ఒకే ఇంట్లో మంచినీళ్లు తాగుతారు. ఒక మండలంలో అలా పన్నెండు ఊళ్లు తిరిగొచ్చిన ఇద్దరు, నేను అడగకముందే, ఎవరెవరు దొంగ పేర్లు ఎక్కించారో ఇద్దరూ కలిసే చెప్పారు. వాళ్లలో ఒకాయన తన వర్గం ఎక్కించిన పేర్లు కూడా తనే కొట్టేశాడు.

ఫ్లెక్సీల గొడవ గురించి మీరు రెండు వాక్యాల్లో రాసి వదిలేశారు గానీ నేను దాన్ని చిన్నదిగా తీసుకోను. ఎవరి ఫొటో ఎంత సైజులో, ఎవరి పక్కన, ఎవరి కింద అన్నది బయటివాళ్లకు చిల్లర విషయంలా కనిపిస్తుంది. పదిహేనేళ్లు జెండా మోసి, జీతం లేకుండా, సొంత పెట్రోలు పోసుకుని తిరిగిన మనిషికి పార్టీ ఇచ్చే గౌరవం అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. నిన్నగాక మొన్న కండువా కప్పుకున్నవాడి ఫొటో పైన, తనది కింద వరసలో తపాలా బిళ్లంత సైజులో ఉంటే అతను ఆ రాత్రి నిద్రపోడు. మర్నాడు ఇంకొకరు పిలిస్తే పోతాడు. జిల్లా కమిటీలో ఒక తీర్మానం చెయ్యండి: పార్టీ ఖర్చుతో వేసే ఫ్లెక్సీ మీద రాష్ట్ర అధ్యక్షుడి ఫొటో, పార్టీ జెండా, డిమాండు. అంతే. మిగతా ఎవరి ఫొటోలూ ఉండవు, మీది కూడా. మొదటి ఫ్లెక్సీ మీ ఊళ్లోనే, మీ ఫొటో లేకుండా కట్టించండి. అది చూశాక మీతో వాదించడానికి ఎవరికీ నోరు రాదు.

డబ్బు విషయంలో మీరు ఏమీ రాయలేదు. అడక్కపోయినా చెప్తున్నాను, ఎందుకంటే ఇలాంటి గొడవల అడుగున దాదాపు ఎప్పుడూ ఒక లెక్క చెప్పని సభ ఉంటుంది. ఆ సభకు ఎవరెంత ఇచ్చారు, టెంటుకు ఎంతయింది, మైకు సెట్టుకు ఎంతయింది అన్నది ఎవరికీ తెలియదు. అనుమానం మాత్రం అందరికీ ఉంటుంది. 2017 నుంచి ఒకరి దగ్గర 2,000 రూపాయలకు మించి నగదుగా విరాళం తీసుకుంటే పార్టీకి ఆదాయపు పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. ఏడాదిలో ఒకరి విరాళం 20,000 దాటితే ఆ వివరం ఎన్నికల సంఘానికి ఇచ్చే నివేదికలో చూపించాలి. జిల్లా స్థాయిలో మనం వీటిని పట్టించుకోం, "పైవాళ్లు చూసుకుంటారు" అనుకుంటాం. మీరు పట్టించుకోండి. గత రెండేళ్ల జమాఖర్చు ఒక పెద్ద కాగితం మీద రాసి జిల్లా ఆఫీసు గోడకు అంటించండి. మీ చేతిమీదుగా ఏదైనా లెక్క తేడా ఉంటే దాన్ని ముందు మీరే చెప్పండి. ఒక సభకు నా దగ్గర పదకొండు వేల రూపాయల రశీదులు పోతే, కమిటీ ముందు చెప్పి సొంత డబ్బు కట్టాను. ఆ రోజు ఇంట్లో మా ఆవిడ చాలా బాధపడింది. కానీ ఆ తర్వాత ఎన్ని గొడవలొచ్చినా డబ్బు గురించి నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

ఇప్పుడు సస్పెన్షన్ సంగతికి వస్తాను. నేను జిల్లా కార్యదర్శిగా ఉండగా ఇద్దరు మండల నాయకుల్ని ఒకే సాయంత్రం సస్పెండ్ చేశాను. వాళ్లు బహిరంగంగా మాట్లాడిన మాట నిజం. నేను నోటీసు ఇవ్వలేదు, వాళ్లను పిలవలేదు, కమిటీలో తీర్మానం కూడా తర్వాత రోజు రాయించాను. ఆ రోజు నాకు చాలా ధైర్యంగా అనిపించింది. వాళ్లిద్దరే పోతారనుకున్నాను. వాళ్లతో పాటు ఆ రెండు మండలాల్లో పోలింగ్ ఏజెంట్లుగా కూర్చునే నలభై మందీ పోయారు. ఆ ఎన్నికల్లో ఆ ఊళ్లలో మా తరఫున బూత్‌లో కూర్చునే మనిషి లేడు. ఇంకా బాధేమిటంటే ఆ ఇద్దరిలో ఒకాయన చేసిన ఆరోపణ తర్వాత నిజమని తేలింది. విననే వినలేదు నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కష్టంగానే ఉంది.

మీ ముగ్గురు కన్వీనర్ల విషయంలో చర్య తప్పదనిపిస్తే పద్ధతిగా చెయ్యండి. ఏ తేదీన, ఏ మాట, నియమావళిలో ఏ నిబంధనకు విరుద్ధం అన్నది స్పష్టంగా రాసి షోకాజ్ నోటీసు ఇవ్వండి. జవాబుకు కనీసం పదిహేను రోజులు. జవాబు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి వినండి. ఫిర్యాదు చేసిన మనిషి తీర్పు చెప్పేవాళ్లలో ఉండకూడదు. మీరే ఫిర్యాదుదారు కాబట్టి ఆ రోజు గదిలోంచి బయటికి రండి. అప్పీలు ఎవరికి చేసుకోవచ్చో కూడా ఉత్తర్వులోనే రాయండి. ఇదంతా కోర్టు భయంతో చెప్పడంలేదు. పద్ధతిగా విన్న మనిషి, శిక్ష పడినా, చాలాసార్లు పార్టీ వదిలిపోడు.

రాష్ట్ర అధ్యక్షుడితో వ్యవహారం వేరు. ఆయన మీ మీద కోపంతోనే ఇన్‌చార్జిని వేశారని మీరనుకుంటున్నారు. కావచ్చు. కానీ చిన్న పార్టీ అధ్యక్షుడి పరిస్థితి కూడా ఆలోచించండి. కొంచెం పేరు, కొంచెం డబ్బు, నాలుగు కార్లు ఉన్న మనిషి ఎవరైనా పార్టీలోకి వస్తానంటే కాదనే శక్తి ఆయనకు లేదు. వచ్చినాయనకు ఏదో పదవి ఇవ్వాలి, మీ జిల్లా కనిపించింది. కాబట్టి ఆయనకు ఆరోపణల పుస్తకం పంపకండి. ఒక పేజీ ఉత్తరం రాయండి, అందులో మూడే విషయాలు: ఇన్‌చార్జి అధికారాలు ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వండి, సభ్యత్వ పరిశీలన పూర్తయ్యేదాకా కొత్త కమిటీల ప్రకటన ఆపించండి, పరిశీలనకు మీరే ఒక పరిశీలకుణ్ని పంపండి. మూడో కోరిక ముఖ్యం. తన మనిషి పాల్గొన్న ఫలితాన్ని ఆయన కాదనలేరు. ఇన్‌చార్జి గారితో కూడా ఒకసారి విడిగా, ఎవరూ లేకుండా మాట్లాడండి. వయసులో పెద్దాయన అయితే మీరే ఆయన ఇంటికి వెళ్లండి, చిన్నతనం అనుకోకండి. ఆయనకు అసెంబ్లీ టికెట్ కావాలా, జిల్లా పార్టీ కావాలా అన్నది ఆ గంటలో తెలిసిపోతుంది. టికెట్టే అయితే గొడవ సగం తీరినట్టే, ఎందుకంటే మీరిద్దరూ వేరువేరు వాటికోసం చూస్తున్నారు.

వాట్సాప్ గురించి ఒక్కమాట. పార్టీ నిర్ణయాలు గ్రూపులో తీసుకోవద్దు, గ్రూపులో ఖండించవద్దు, గ్రూపులోంచి ఎవర్నీ తీసెయ్యొద్దు. రాత్రి పది తర్వాత పెట్టిన మెసేజ్‌కి పొద్దున దాకా జవాబివ్వొద్దు. నేను చూసిన చీలికల్లో ఒకటి కేవలం ఒక మనిషిని గ్రూపులోంచి తీసేయడంతో మొదలైంది.

ఎన్నికల పని మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఎందుకో వివరంగా చెప్తాను. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 రిజిస్టర్డ్ పార్టీలను జాబితా నుంచి తీసేసింది, సెప్టెంబరులో మరో 474 పార్టీలను. ఆరేళ్లపాటు ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయకపోవడమే దానికి ప్రాతిపదిక. మనలో మనం కొట్టుకుంటూ రెండు ఎన్నికలు వదిలేస్తే గెలిచినవాడి చేతికి వచ్చేది రబ్బరు స్టాంపు మాత్రమే. అసెంబ్లీ ఎన్నికల్లో గుర్తింపు లేని పార్టీకి అందరు అభ్యర్థులకూ ఒకే గుర్తు కావాలంటే, అసెంబ్లీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తుకు వీలుంటుంది, కనీసం 5 శాతం స్థానాల్లో నిలబడతామని చెప్పాలి. దాని మీద అధికారం ఉన్న ఆఫీసు బేరర్ సంతకం ఉండాలి. మీ అధ్యక్షుడూ ప్రధాన కార్యదర్శీ చెరో వర్గమై చెరో దరఖాస్తు పంపితే ఏమవుతుందో ఊహించుకోండి.

స్థానిక ఎన్నికల లెక్క వేరు. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కాబట్టి మీ పార్టీ పేరు అక్కడి జాబితాలో ఉందో లేదో విడిగా చూసుకోండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీల వారీగా. ఇది మీకు ఒక అవకాశం. పంచాయతీల్లో బి-ఫారం (ఫలానా మనిషే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం) అనే ప్రశ్నే లేదు కాబట్టి అక్కడ రెండు వర్గాలకూ పని పంచండి. వాళ్లు నాలుగు ఊళ్లు తీసుకుంటారు, మీరు నాలుగు తీసుకుంటారు. ఎవరు ఎన్ని వార్డులు గెలిపించారో ఊరే చెబుతుంది. ఎంపీటీసీ నామినేషన్ల నాటికి బి-ఫారం మీద సంతకం ఎవరిది అన్నది మాత్రం నోటిఫికేషన్ రాకముందే రాతలో తేల్చుకోండి. చివరి రోజు మధ్యాహ్నం ఇద్దరు అభ్యర్థులు రెండు బి-ఫారాలతో రిటర్నింగ్ అధికారి గది ముందు నిలబడటం నేను కళ్లారా చూశాను. ఆ రోజు అక్కడ కన్నీళ్లు పెట్టుకున్నది ఇద్దరు నాయకులూ కాదు, వాళ్ల నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ ప్రపోజర్లుగా సంతకాలు పెట్టడానికి కూలి మానుకుని వచ్చినవాళ్లు.

ప్రపోజర్లంటే గుర్తొచ్చింది. అసెంబ్లీకి గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. మనలాంటివాళ్లకు ఆ నియోజకవర్గం ఓటర్లు పది మంది కావాలి. ఒక నియోజకవర్గంలో రెండు మూడు వందల పోలింగ్ కేంద్రాలుంటాయి. మనం అన్నింట్లో ఉండలేం, ఉండాలని ప్రయత్నించి అలసిపోతాం. ఇరవై కేంద్రాలు ఎంచుకోండి, ఒక్కోదానికి ముగ్గురు మనుషులు, వాళ్ల చేతిలో ఆ కేంద్రం ఓటర్ల జాబితా. నెలకోసారి ఆ అరవై మందితో కూర్చోండి. ఆ సమావేశంలో వర్గాల మాట ఎత్తకండి. పింఛను ఆగిపోయిన ముసలమ్మ పేరు, పేరు గల్లంతైన ఓటరు పేరు, డ్రైనేజీ పొంగిన వీధి పేరు, ఇవే మాట్లాడండి. పోటీ కమిటీ వాళ్ల మనుషులు కూడా ఆ సమావేశానికి రావడం మొదలుపెడితే, మీరు ఏ ప్రకటనా ఇవ్వకుండానే జిల్లా పార్టీ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా, మీ గొడవ నిజంగా సిద్ధాంతం మీద అయితే నా సలహా మారుతుంది. 1954లో ఇప్పటి కేరళ ప్రాంతంలోని తిరువాన్కూరు కొచ్చిన్ రాష్ట్రంలో ప్రజా సోషలిస్టు పార్టీ ప్రభుత్వం ఉండగా పోలీసు కాల్పులు జరిగాయి. పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న రామమనోహర్ లోహియా సొంత ప్రభుత్వమే రాజీనామా చేయాలన్నారు. పార్టీ ఒప్పుకోలేదు. 1955 చివర్లో ఆయన వర్గం మన హైదరాబాదులోనే సమావేశమై వేరే సోషలిస్టు పార్టీ పెట్టుకుంది. 1964లో కమ్యూనిస్టు పార్టీ జాతీయ మండలి నుంచి 32 మంది బయటికొచ్చి, ఆ జూలైలో తెనాలిలో సదస్సు పెట్టుకున్నదీ అలాంటిదే. ఎందుకు విడిపోతున్నారో వాళ్లు రాసి, చదివి, చర్చించి విడిపోయారు. వాళ్లు చేసింది ఒప్పో తప్పో అన్నది వేరే చర్చ. మీ జిల్లాలో రెండు వర్గాలనూ "మీ తేడా ఏమిటో ఒక పేజీలో రాసివ్వండి, మనుషుల పేర్లు లేకుండా" అని అడగండి. రాయగలిగితే ఆ పేజీలు రెండూ సభ్యుల ముందు పెట్టి చదివించండి. రాయలేకపోతే చీలడానికి కారణం లేదని వాళ్లకే అర్థమవుతుంది. నేను ఈ పేజీ చాలామందిని అడిగాను. పేర్లు లేకుండా రాసిచ్చినవాళ్లు ఇద్దరే.

రాజీనామా గురించి. మీ ఉత్తరంలో అలసట కనిపిస్తోంది. ఇంట్లో టెన్షన్, పనికి సెలవులు, ఎవరి ఫోన్ వస్తుందోనన్న గుబులు, ఇవన్నీ నాకు తెలుసు. సభ్యత్వ పరిశీలన పూర్తయ్యాక జరిగే ఎన్నికలో మీరు నిలబడకూడదనుకుంటే అది మీ ఇష్టం, దాన్ని నేను గౌరవిస్తాను. నిజానికి "పరిశీలన నడిపించేది నేనే, పోటీలో ఉండేది నేను కాదు" అని ముందే ప్రకటిస్తే పని ఇంకా తేలికవుతుంది. కానీ పుస్తకం తేలకముందు దిగిపోతే ఆ పుస్తకం ఎవరి ఇంట్లోకి పోతుందో మీకు తెలియదు. ఈ ఆదివారం చెయ్యాల్సిన పని ఒకటే. సభ్యత్వ పుస్తకాలు, రశీదు కట్టల అడుగు ముక్కలు, మినిట్స్ బుక్కు బల్ల మీద పెట్టి, అవతలి వర్గం నుంచి ఒకర్ని పిలిచి, ఆయన ఎదుటే ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తియ్యండి. ఒక కాపీ ఆయనకు పంపండి. మిగిలిన విషయాలు ఆ తర్వాత మాట్లాడుకుందాం, అవసరమైతే మళ్లీ రాయండి.